పొగదారం

తలుపు ఊడదీసి ఆ చట్రంలో
ఎర్రగుడ్డ బిగించాను, మధ్యలో పంకా.
ఇంట్లో గాలినంతా అది బయటికి తోడేస్తుంది.
కడుపు ఖాళీ అయిన ఇల్లు
ఎక్కడ సందుంటే అక్కణ్ణుంచి చలిని జుర్రుకుంటుంది.
అంతే పరీక్ష.

బయట మైనస్ పద్దెనిమిది.
తార్తు ఊరి అంచున, కాంక్రీటు పలకలు పేర్చి
ఒకనాడు హడావిడిగా లేపిన అయిదంతస్తులు.
నాలుగో అంతస్తులో ముప్ఫయ్యేడో నంబరు.
హెల్దుర్ కోటు విప్పలేదు.
"ఈ కొంప జబ్బు నాకు నలభై ఏళ్ళుగా తెలుసు,
నీ యంత్రం కొత్తగా చెప్పేదేముంది?"

జవాబివ్వలేదు.
నా చేతిలో పెన్సిలంత పొగకడ్డీ.
దాని కొసన ఒక తెల్లదారం లేస్తుంది.
గాలి లేనిచోట నిటారుగా నిలబడుతుంది,
ఉన్నచోట దాచిపెట్టడం దానికి చేతకాదు.

గోడలకు చెవులుంటాయంటారు,
వీటికి ముక్కులు కూడా ఉన్నాయి.
స్విచ్చుబోర్డు దగ్గర పొగ తుళ్ళిపడింది.
పలకా పలకా కలిసే మూలలో నిలువునా చిరిగింది.
వంటింటి గొట్టం దగ్గరైతే
తోక తొక్కిన పిల్లిలా ఎగిరింది.
రాసుకుంటూ పోయాను.

పోయిన నెల మెట్లకింద మీటింగు.
పైఅంతస్తు కారెల్‌కి కప్పు మీద సౌరపలకలు కావాలి.
ముందు కుండ చిల్లు పూడ్చండి,
నీళ్ళ సంగతి తర్వాత, అన్నాను.
కింద వాటా విర్వె బిల్లులు పరిచి చూపించింది:
జనవరి వేడికి కట్టింది పెన్షన్లో మూడోవంతు.
"ఇరవయ్యేళ్ళ అప్పా?" అన్నాడు హెల్దుర్.
"నాకు ఎనభై ఒకటి.
వాయిదాలు నావి, వెచ్చదనం ఎవరిది?"
ఎవరూ మాట్లాడలేదు.
కావాలన్నవాళ్ళు ముప్ఫయ్యొకరు, వద్దన్నవాళ్ళు ఇరవయ్యెనిమిది.
సగం లేచి ఆగిన చెయ్యి ఒకటి,
దాన్ని ఎటు లెక్కించాలో తెలియలేదు.

పడకగది కిటికీ చివరికి మిగిలింది.
పాత చెక్క, పెచ్చులూడిన రంగు.
ఇక్కడే ఎక్కువ కారుతుందనుకున్నాను.
పొగ నిటారుగా నిలబడింది.
పంకా ఆగిందేమోనని మీటరు చూశాను.
తిరుగుతూనే ఉంది.

వంగి చూస్తే, రెక్కల మధ్య సందులో
బూడిదరంగు, నీలం, మధ్యలో ఒక ఎర్రచార.
మేజోళ్ళు.
"లేయిదా," అన్నాడు.
"ప్రతి అక్టోబరులో వెన్నకత్తితో కూరేది.
ఏప్రిల్లో తీసి, ఉతికి, ఆరేసేది."
కాసేపాగి,
"ఆరు ఏప్రిళ్ళయింది, తియ్యలేదు."

గాలి చొరబాటు: సున్నా.
వాడిన పదార్థం: ఉన్ని.
ఎన్నాళ్ళు మన్నుతుంది అన్న గడి
ఖాళీగా వదిలేశాను.

మే నెలలో పరంజా లేచింది.
రాయిని కరిగించి దారాలు తీసిన ఉన్ని,
ఇరవై సెంటీమీటర్ల మందాన
భవనానికి తొడిగారు.
ఊపిరాడడానికి వేరే దారి పెట్టాం,
పోయే గాలి తన వేడిని వచ్చే గాలికి అప్పజెప్పి పోయేలా.
కొత్త కిటికీ మోసుకొచ్చిన బొహ్దాన్ చేతిలో
హెల్దుర్ ఒక సంచి పెట్టాడు.
"చట్రం వెనకాల."
అతను నావైపు చూశాడు.
నిబంధనల్లో ఎక్కడా లేదు.
వద్దని కూడా లేదు.
నేను టేపుచుట్టలు లెక్కపెట్టడంలో పడిపోయాను.

మళ్ళీ చలికాలం, మళ్ళీ ఎర్రగుడ్డ.
హెల్దుర్ చొక్కా చేతులు మడిచి ఉన్నాడు.
వంటింటి గొట్టం ఇంకా కొంచెం గొణుగుతోంది,
మిగతా ఇల్లంతా నిశ్శబ్దం.
"మరీ ఎక్కువ నిశ్శబ్దం," అని విసుక్కున్నాడు.
"ఇదివరకు గాలిని విని
రాత్రి ఎంతయిందో చెప్పేవాణ్ణి."

పడకగదికి రాగానే
కడ్డీ తనకిమ్మన్నాడు.
కొత్త కిటికీకి దగ్గరగా పట్టుకున్నాడు.
దారం లేచింది, నిలబడింది,
ఉన్నట్టుండి వణికింది.
మీటరు వైపు తిరిగాను.

"అది నా చెయ్యి," అన్నాడు.
"రాసెయ్యకు."