మూడిట్లో ఒకటి

ఆరూ పదికి నా మొదటి బస్సు.
ఐదు కొట్టేసరికి ఎల్స్‌పెత్ పెరట్లో ఉంటాను,
యూనిఫాం మీద పాత స్వెట్టరు, పళ్ళ మధ్య టార్చి.

రాత్రంతా వెలిగిన బల్బు ఆర్పగానే
హెక్సమ్ ఊరంతా ఒక్కసారిగా నల్లబడుతుంది.
పెట్టె మూత తీస్తాను.
లోపల కోడిగుడ్ల అట్టలు.
గుడ్లుండాల్సిన గుంటల్లో
అక్కడొకటి ఇక్కడొకటి, చిమ్మటలు.
దీపం వీటిని మోసం చేసిందేగానీ
కాల్చలేదు.

ఆవిడ వంటింటి గడపలో కుర్చీ వేసుకుంటుంది,
మోకాళ్ళ మీద దుప్పటి, దాని మీద నోటుబుక్కు.
ముప్పై ఒక్క అక్టోబర్లున్నాయి అందులో.
పోయినేడు నించీ అక్షరాలు గీత దాటిపోతున్నాయి.
శుక్లాలు. ఆపరేషన్ జనవరిలోనట.
అందాకా నేను చూస్తాను, ఆవిడ గుర్తుపడుతుంది.

"నలిపి పారేసిన ఆకులా ఉంది."
"మధ్యలో గులాబీరంగు త్రికోణం?"
"ఉంది."
"రాసేశాను."

"గోడమీది పాచికి రెక్కలొచ్చినట్టు..."
పెన్ను ఆగిపోయింది.
"ఇటు తీసుకురా."
దానికి ఫ్రెంచి పేరుంది, ఇవాళ్టి వింత అని అర్థం.
ముక్కుకు ఆనేంత దగ్గర పెట్టుకుంది.
ఏం కనబడిందో నాకు తెలీదు.
"పచ్చగా ఏదో ఉంది," అంది. "చాలు."

ఆ తర్వాత బూడిదరంగువి,
నవంబరు పేరు పెట్టుకుని అక్టోబర్లోనే దిగేవి.
ఒకే పోలికతో మూడు జాతులు.
పొట్ట కోసి చూస్తేగానీ ఏది ఏదో తేలదు.
వెనకటికి కోసేది.
ఆ మందుసీసా అలమరలో ఇంకా ఉంది,
ఇప్పుడందులో బొత్తాలు.

"మరి ఏమని రాస్తారు?"
"మూడిట్లో ఒకటి అని.
అబద్ధం కాదుగా."

నిన్న మంచు పేరింది, ఒక్కటీ రాలేదు.
తేదీ వేసి సున్నా చుట్టింది, పెద్దగా, గుండ్రంగా.
"రాయకపోతే
అసలు చూడనే లేదనుకుంటారు."

వెళ్ళేముందు అట్టలు ఐవీ తీగ కింద దాచాను,
వీధిదీపాన్నే పొద్దనుకుని లేచి
కంచెమీద కాచుకున్న రాబిన్‌కు అందకుండా.

కోర్‌బ్రిడ్జి స్టాపులో చిల్లర ఇస్తుంటే
బడిపిల్ల ఒకత్తె నా చొక్కా కఫ్ చూపించింది.
బూడిదరంగుది.
మూడిట్లో ఒకటి.
నాలుగు మైళ్ళు, టికెట్ లేకుండా.

ఏ ఊరి లెక్కలో రాయాలో
ఇంటికెళ్ళాక అడగాలి.