నూగు కొమ్ములు

శ్రావణంలో గోదారి ఎర్రగా వచ్చింది.
అది పులస ఎదురెక్కే రంగు,
మా వలలకి నాలుగు డబ్బులు తెచ్చే రంగు.
ఆ ఏడు మాత్రం నీళ్ళు
దుంగల్నీ, గడ్డివాముల్నీ,
గొళ్ళెం వేసినట్టే ఉన్న ఓ తలుపునీ తెచ్చాయి.
పాపికొండల్లోంచి దుప్పుల్ని కూడా తెచ్చాయి.
చేప పైకి, జింక కిందికి.
ఆ నీళ్ళలో ఎక్కడో ఒకచోట
రెండూ పక్కపక్కనే దాటుకుని ఉంటాయి.

లంకలో మిట్ట మీద మూడున్నాయని
అరటిగెలలు కోసుకొచ్చినవాళ్ళు చెప్పారు.
మా పెదమావయ్య పెసింగి ధర్మారావు
చూరులోంచి ఒంటిగొట్టం తుపాకి తీశాడు.
మైనం గుడ్డలో చుట్టిన తూటాలు, రెండే రెండు.
"మొదటి వరదప్పుడే కొట్టాలిరా,
దసరా దాటితే వాటికి తెలివొస్తది, మనకి పనులొస్తాయి."
నన్ను తెడ్డు దగ్గర కూచోమన్నాడు.

నాకప్పుడు పదిహేనేళ్ళు.
పై పెదవి మీద నీడలాంటిదొకటి
ఉందో లేదో నాకే తెలీక
పడవలో ఊరిన నీళ్ళలోకి వంగి చూసుకునేవాణ్ణి.

తెల్లారకముందే దాటాం.
మునిగిన మొక్కతోట మీదుగా వెళ్తుంటే
కొబ్బరి మట్టలు పడవ అడుగుని గీరాయి.
మావయ్య బీడీ వెలిగించలేదు, దగ్గు మింగాడు.
రెల్లు పక్కన ఆపి
గాలి ఎటుందో తడి వేలితో చూశాడు.

అప్పుడు కనపడింది పోతు.
చుక్కలు సగం బురదలో చెరిగిపోయి,
పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉంది.
తల మాత్రం వంచలేదు.
నెత్తిన నిండు బిందె పెట్టుకున్న మనిషిలా
రెల్లు కొసల మధ్యనుంచి
ఎటూ తగలకుండా, ఎటూ రాసుకోకుండా
కొమ్ముల్ని మోసుకుంటూ వచ్చింది.

కొమ్ములా అవి?
మావయ్యింటి గుమ్మం మీద ఉన్నవి నాకు తెలుసు,
కత్తిపిడికి పనికొచ్చేంత గట్టివి.
ఇవి లావుగా, మొద్దుగా, కొసలు గుండ్రంగా,
ఒళ్ళంతా లేత బెండకాయ మీదుండేలాంటి నూగు.
ఈగ ఒకటి వాలితే
చెవి కాదు, ఆ కొమ్మే ఉలిక్కిపడ్డట్టనిపించింది.

"ముదరలేదు," అని గొణిగాడు మావయ్య.
బొండాం గెల దింపేటప్పుడు అనే మాటే.
ముదరలేదని వదిలేస్తామా?
దాహమైతే లేతదే దింపుతాం.
కొట్టాడు.

చప్పుడికి లంకలో కొంగలన్నీ ఒకేసారి లేచి
వాలడానికి చోటు లేక చాలాసేపు తిరిగాయి.

"కొమ్ములు పట్టుకో," అన్నాడు, పడవలోకి లాగుతూ.
పట్టుకున్నాను.
కన్ను మీద అప్పటికే ఈగ వాలింది, అది కదల్లేదు.
కొమ్ములు మాత్రం వెచ్చగా ఉన్నాయి.
జ్వరమొచ్చిన పిల్లాడి మణికట్టులా
లోపల ఏదో కొట్టుకుంటూనే ఉంది,
దానిదో, నా వేళ్ళదో
ఇప్పటికీ తేల్చుకోలేను.
బల్లకి రాసుకున్నచోట నూగు ఊడి
అరచేతికి అంటుకుంది.
కింద ఎముక లేదు. నెత్తురు.

రామచంద్రపురం నుంచి వచ్చిన షావుకారు
రేవులో చూసి పెదవి విరిచాడు.
"కొన్నాళ్ళు ఆగితే చెట్టుకి రాసి రాసి అదే ఒలుచుకునేది,
మెరిసేవి.
ఇవి వారానికి కంపు కొడతాయి, ఏ గోడకి కొట్టను?"
మావయ్య వాదించలేదు.
గొడ్డలితో రెండు దెబ్బలు వేసి
గోదాట్లోకి విసిరాడు.
గోదారి వాటివంక చూడకుండానే తీసుకుపోయింది.

మాంసం వాటాలేశారు.
పోలీసుల భయానికి మేకమాంసమని చెప్పి
అరిటాకుల్లో కట్టి పంచారు.
మా అమ్మ అల్లం కాస్త ఎక్కువేసింది.
తిన్నాను. బాగుంది.
బాగుందని ఒప్పుకోకపోతే
ఇప్పటిదాకా చెప్పిందంతా అబద్ధమవుతుంది.

దసరాకి మావయ్యే నన్ను కొత్తపేట తీసుకెళ్ళి
లోవరాజు సెలూన్లో కూచోబెట్టాడు.
"కుర్రాడు మగాడయ్యాడు, నున్నగా గీసెయ్."
నురగ చల్లగా తగిలింది.
లోవరాజు కత్తిని తోలు మీద
అటూ ఇటూ రాస్తున్నాడు.
అద్దంలో నా తల
ఎటూ తగలకుండా, నిటారుగా.

అతని మణికట్టు పట్టేసుకున్నాను.
"ఏం బాబూ, మంటా?"

కత్తి ఇంకా పెట్టనేలేదు.