కరపత్రం వెనక వైపు

మే నెల మూడో వారం.
ఔటర్ రింగు రోడ్డు దాటాక నాలుగో స్టాపు.
నా సంచిలో రెండువందల కరపత్రాలు,
గౌసియా మేడం చేతిలో గొడుగు, సగం తాగిన నిమ్మసోడా.
సర్కారు డిగ్రీ కాలేజీలో నేను వృక్షశాస్త్రం చెబుతాను,
గంటల లెక్కన.
పిల్లలు చేరకపోతే నా గంటలూ ఉండవు.
ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది.

కరపత్రంలో ఏముందంటే,
ఫీజు భయం లేదు, బస్సు పాసు ఉంది,
అనుభవజ్ఞులైన అధ్యాపకులు,
విశాలమైన ఆటస్థలం.
విశాలమే,
పక్క వెంచరువాళ్ళు ఏటా ఒక అడుగు
లోపలికి జరగకపోతే ఇంకా విశాలం.
పైన నవ్వుతున్న ముగ్గురు విద్యార్థులు.
ఎవరో మాకూ తెలీదు,
ప్రెస్సువాడే పెట్టాడు.

రాయనిది,
పది మైక్రోస్కోపుల్లో మూడింటికే చూపుంది,
మిగతా ఏడింటికీ శుక్లాలు.
నిరుడు ఉల్లిపొరలో కణాలు చూసి
ఒక పిల్ల, "ఇటుకలు పేర్చినట్టున్నయి సార్" అంది.
వాళ్ళమ్మ బట్టీలో ఇటుకలే మోస్తుంది.
ఆ మాటను ఏ అక్షరాల్లో అచ్చేయించాలి?

లైబ్రరీ తాళంచెవి
అటెండరు కిష్టయ్య మొలతాడుకు వేలాడుతుంది.
అడిగితే ఇస్తాడు.
అడగాలి, అంతే.

నీలం డ్రమ్మున్న ఇల్లు.
శివకుమార్ లేడు,
బండి మీద అన్నం పొట్లాలు పంచడానికి
మాదాపూర్ దాకా పోయాడట.
వాళ్ళమ్మ కరపత్రంతో విసురుకుంటూ అడిగింది:
"సదివితే నౌకరొస్తదా?"
దీనికి మాకు నేర్పిన జవాబొకటుంది.
గౌసియా మేడం అది చెప్పలేదు. గొడుగు మూసింది.
"వస్తదని చెప్పలేనమ్మా.
రాకుంటే ఎందుకు రాలేదని అడిగే నోరు వస్తది."
"నోరు మా ఇంట్ల అందరికీ ఉన్నదే" అంది ముసలామె,
లోపలికి పోయింది.

మేం చెప్పులేసుకుంటుంటే
జొన్నపిండి చేతులతో పెద్దకోడలు గడపలోకి వచ్చింది.
"ఇంటర్ పాసయి పదకొండేండ్లయింది సార్, బైపీసీ.
మెమో బియ్యం డబ్బా అడుగున్నది, పురుగు పట్టలే.
నాకు వయసు దాటిందా?"
దాటలేదన్నాను.
"చిన్నోణ్ణి ఎత్తుకొని రావచ్చా?"
రూలు నాకు తెలీదు.
తెలిసింది వెనక బెంచీ ఒకటి,
మధ్యాహ్నం ఎండ పడనిది. అదే చెప్పాను.

కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, అత్తకు వినపడకుండా:
"ఉల్లిపొర చూపిస్తమన్నరు అప్పుడు.
చూపియ్యనే లేదు. మీ దగ్గర చూపిస్తరా?"

కరపత్రం వెనక వైపు ఖాళీ.
అక్కడ తనే రాసింది, బాలమణి అని,
కింద ఫోన్ నంబరు,
చివరి రెండంకెల మీద పిండి వేలిముద్ర.

సాయంత్రం ప్రిన్సిపాల్ ఫోను:
"ఎంతమంది?"
"ఒకరు సార్. ఒకరున్నర."
ఆయన నవ్వాడో విసుక్కున్నాడో
బస్సు హోరులో వినపడలేదు.

సంచిలో ఇంకా నూట అరవై రెండు.
రేపు ఇటు రాను.
పొద్దున్నే ల్యాబు తాళం తీయించి
ఆ మూడింట్లో ఒకదాని అద్దం
తుడవాలి.