ఎల్లరాయి

సర్వేయరు నా చేతికి ఎర్రచారల కట్టె ఇచ్చి
కదలకుండా నిలబడమన్నాడు.
దినానికి నాన్నూరు. మధ్యాన్నం సంగటి నాదే.
పొద్దున్నించీ నిలబడే ఉండా.
గాలే నిలబడలే.

మా మిట్ట మీద గాలికి సెలవుల్లేవు.
అందుకే కుందుర్పి దిక్కు నుంచి ఈడిదాకా
గాలిమరలు నాటిపోయినారు, తెల్లటివి, మూడు రెక్కలవి.
అవి తిప్పిన కరెంటు ఎవరింటికి పోతాదో తెలీదు.
మా బల్బు మాత్రం రాత్రిపూట
వాడిన నిమ్మకాయ మాదిరి ఎలుగుతాది.

"ఇంగొంచెం ఎడంగా" అంటాడు సర్వేయరు.
ఎడంగా అడుగేస్తే జేబులో ఫోను ములిగింది:
కర్ణాటకకు స్వాగతం.
ఎనక్కొస్తే మళ్లీ ములిగింది:
ఆంధ్రప్రదేశ్‌కు స్వాగతం.
పుట్టినూర్లో ఇన్ని స్వాగతాలు
పెండ్లికొడుక్కైనా చెప్పరు.

బస్సు కింద రొప్పం మలుపులోనే తిరుక్కుంటాది.
పోయినేడు హనుమక్కకు నొప్పులొచ్చిన రాత్రి
నూటా ఎనిమిదికి చేస్తే
టవరు అవతలిది, గొంతు అవతలిది,
"యావ తాలూకు?" అనింది.
మేము తాలూకా తేల్చుకునేలోగా
ట్రాక్టరు ట్రాలీలో, శెనక్కాయ మూటల నడాన,
గొంగట్లోకి జారినాడు బిడ్డ.
యాడ పుట్టినాడని పంచాయితీ ఆఫీసులో అడిగితే
ట్రాక్టరు తోలిన తిప్పేస్వామి
"మూడో గేర్లో సార్" అన్నాడు.

రాయి సంగతి కదా చెప్పాల్సింది.

సర్వేయరు పటం పరిచి, మూలలకి గులకరాళ్లు పెట్టి,
మిషన్లో ఒక కన్ను పెట్టి చానాసేపు చూసి
"ఏమప్పా, ఎల్లరాయి ఆ తుమ్మకాడ కదా ఉండాల్సింది?
నూటాపది అడుగులు తప్పింది.
రాళ్లు నడుస్తాయా మీ ఊర్లో?" అన్నాడు.

నేను కట్టె దిక్కు చూసినా.
కల్లం గోడకానుకోని బీడీ తాగుతాండే
ముసిలోళ్లు ముగ్గురూ
ఒక్కసారే చెవిటోళ్లయినారు.

నడిచింది సారూ.
పద్నాలుగు కాళ్ల మీద నడిచింది.
మా జేజి చెప్పింది, చెప్పేటప్పుడు కూడా
తలుపు దగ్గరికేసి చెప్పింది.

కరువేడు. బావుల్లో కప్పలు కూడా ఊరిడిసిన ఏడు.
అవతల మైసూరోళ్లు గంజికొట్టాం పెట్టినారు,
ఎల్లకి ఆ పక్కనుండేటోళ్లకే పోస్తామన్నారు.
మా పక్క గంజి రేపు, ఎల్లుండి, వచ్చే శనివారం.
మా జేజినాయన దొడ్డీరప్ప, ఇంగా ఆరుమంది,
చెంబెత్తే సత్తువ కూడా లేనోళ్లు,
అమాస రాత్రి పలుగులతో రాయి పెకలించి
మోసి, కూసోని, దొర్లించి, మళ్లీ మోసి
ఊరి ఇవతల పాతినారు.
తెల్లారేసరికి పదైదిండ్లు మైసూరువైనాయి.
"మీదేవూరప్పా?" అని గరిటోడు అడిగితే
"పోయి రాయి చూసుకో" అన్నారంట.

వాన పడినాంక రాయిని దాని జాగాలో పెట్టాలని
ఆ ఏడుమందే మళ్లీ ఎత్తినారు.
ఆకలితో మోసినంత దూరం
కడుపు నిండినాంక మోయలేకపాయిరి.
ఇత్తనాలకి పొద్దుపోతాందని నడాన దించినారు.
అప్పటినించీ ఆడనే ఉండాది.
హనుమక్క పొయ్యి ఇటు, దొడ్డి అటు.

ఆ గంజిలో ఉప్పు ల్యాకపాయె అని
జేజి చచ్చేదాకా తిడతానే ఉండె.

సర్వేయరు మళ్లీ అడిగినాడు.
ముసిలోళ్లలో మారెప్ప బీడీ ఆర్పి
"వానలకి జారింటాది సారూ" అన్నాడు.
"వానలకా? ఈడనా?" అన్నాడు సర్వేయరు.
నవ్వలే. కోపం కూడా చేసుకోలే.
ఏందో రాసుకున్నాడు. నేనడగలే.

పొద్దుగూకినాంక నాన్నూరు చేతిలో పెట్టి
కట్టె తీసుకోని జీపెక్కినాడు.
నేను పోయి రాయి మీద కూసున్నా.
ఇంగా ఎండ ఇడవలే, ఎచ్చగా ఉండాది.
మోకు ఒరుసుకున్న గాడి ఏలికి తగులుతాది.
ఈరక్క మేక ఒకటి వచ్చి
నన్ను పట్టించుకోకుండా
ఆ గాడిలో నాకింది,
మళ్లీ నాకింది.