ఆట వదిలాక

షియాన్‌యాంగ్‌లో రెండో ఆట వదిలారు.
నా నూడుల్స్ బండి చుట్టూ
చక్రవర్తి మీద తీర్పులు.

"గుర్రాలు బాగా చేశాయి, రాజే తేలిపోయాడు."
వెనిగర్ సీసా వంచుతూ టాక్సీ తోలే తాన్ యూహె.
"ఆరు రాజ్యాల్ని రెండున్నర గంటల్లో మింగితే
అరుగుతుందా?"
లెక్కల టీచరమ్మకి ప్రతిదానికీ శేషం కావాలి.
ఒక కుర్రాడు ఇంకా యుద్ధంలోనే ఉన్నాడు,
చాప్‌స్టిక్ దూసి.

చూ షూలాన్ అప్పటిదాకా తలెత్తలేదు.
"నాలుగోసారి చూశా" అంది గిన్నెతో చెబుతున్నట్టు.
"గోడ కట్టే కూలీల్లో నేనూ ఉన్నా.
మూడు రోజులు రాళ్లు మోశా.
తెర మీద అంతా దుమ్మే.
ఆ దుమ్ములో
ఎడమ పక్క ఒంగినది నేనే అనుకుంటా."

కాసేపు ఎవరూ నూడుల్స్ జుర్రలేదు.
కుర్రాడు చాప్‌స్టిక్ దించాడు.

"నిజం రాళ్లేనా?" అడిగాను,
ఇంకో గరిటె మిరపనూనె పోస్తూ.

"అబ్బే, థర్మాకోల్.
బరువు మాత్రం
మమ్మల్నే పెట్టుకోమన్నారు."

మూతి తుడుచుకుని,
చిల్లర లెక్కపెట్టుకుని,
మళ్లీ టికెట్ల కిటికీ వైపు నడిచింది
ఒంగిన నడుంతోనే.