నూట ఒకటి నుంచి

సర్కారు ఇచ్చిన నంబరు ముందూ వెనకా ఉంటుంది,
పసుపు రేకు మీద నల్లగా.
మేం పెట్టుకున్నది తలుపు మీద,
డ్రైవరు మోచెయ్యి ఆన్చే చోటికి జానెడు కింద.

చెంచురామయ్య గారు మాధవరంలో మొదటి లారీ దించినప్పుడు
ఏళుమలై బ్రష్షు తడుపుకుని
"ఒకటేనా సార్?" అన్నాడట.
ఈయన వక్కపొడి నములుతూ కాసేపు చూసి
"నూట ఒకటి వెయ్యి" అన్నాడట.
ఒక్క బండి ఉన్నవాడికి సిమెంటు కంపెనీ లోడివ్వదు.
నూట ఒకటి వచ్చి గేటు ముందు నిలబడితే
వెనక వంద ఉన్నట్టే కదా.

అబద్ధమేం కాదంటాడు ఇప్పటికీ.
ఒకటి దగ్గరే మొదలుపెట్టాలని ఎక్కడుందమ్మా?

ఇప్పుడు నూట ఇరవై మూడు దాకా వచ్చాం.
బళ్లు మాత్రం ఇరవై.
నూట ఎనిమిది లేదు.
దేవుడికి మంచిదే గాని అది అంబులెన్సు నంబరు,
ఎక్కనని మస్తాన్ మొండికేశాడు.
నూట పదమూడుని ఫైనాన్సువాళ్లు తోలుకుపోయారు
తలుపు మీది మా అంకెతో సహా.
నూట పదిహేడు సంగతి తర్వాత చెబుతాను.

యార్డులో మనుషులకి పేర్లుండవు.
నూట నాలుగు అన్నం తిన్నాడా.
నూట పన్నెండు కూతురికి జ్వరమట, అడ్వాన్సు కావాలట.
నూట తొమ్మిదికీ నూట ఆరుకీ మాటల్లేవు,
ఎన్నూరు క్యూలో ఏదో అయింది.
బండి మారితే మనిషి అంకె మారుతుంది,
నెల రోజులు పిలిస్తే పలకడు,
తర్వాత పలుకుతాడు,
నాకు అత్తింటి ఇంటిపేరు అలవాటైనట్టే.

నా రిజిస్టరు నూట ఒకటో పేజీలో మొదలవుతుంది.
ముందు వంద పేజీలు ఖాళీ.
చింపొద్దు, కాగితం ఖరీదు అన్నాడాయన.
మొదట్లో వాటిలో టీకొట్టు బాకీలు రాసేదాన్ని,
ఆ తర్వాత దారిలో చేతులు మారిన, రసీదు లేని వందలు.
లేని లారీల మీద లేని ఖర్చులు. సరిపోయేది.

ఒకసారి కావలి నుంచి ఫోను.
మీ అరవై నాలుగో బండి మా అరుగు గుద్ది ఆగకుండా పోయిందని.
"అరవై నాలుగు మాకు లేదండీ."
"కళ్లారా చూశానమ్మా, నీలం తలుపు, తెల్ల అంకె."
ఫోను పెట్టేసి
అరవై నాలుగో పేజీ తెరుచుకుని చాలాసేపు కూచున్నాను.
ఎవరు తోలుతున్నారు దాన్ని?
డీజిలు ఎక్కడ పోయించుకుంటున్నారు?

నూట పదిహేడు పెంచలయ్య.
నాయుడుపేట దాటాక, చీకట్లో,
లైటు లేకుండా ఆగి ఉన్న ట్రాలీ.
బండి బాగైంది. మూడు నెలల్లో కొత్త కేబినుతో వచ్చింది.
"అదే నంబరు వెయ్యి, బండి అదే కదా"
అన్నాడు చెంచురామయ్య గారు, ఎవరి కళ్లలోకీ చూడకుండా.
ఎవరూ ఎక్కలేదు.
తొమ్మిది రోజులు తాళంచెవి నా టేబులు మీదే ఉంది.
పదో రోజు ఏళుమలై, ఎవరూ చెప్పకుండానే,
దాని మీద నీలం పూసి నూట ఇరవై మూడు రాశాడు.
కూలి అడగలేదు.
సాయంత్రం ఎండ వాలుగా పడ్డప్పుడు
మూడు కింద ఏడు ఇంకా కనిపిస్తుంది.

ఆ రాత్రి పదిహేడో పేజీ తీశాను.
పేరు: పెంచలయ్య.
లోడు గడిలో గీత పెట్టాను, ఖాళీ బండి అన్నట్టు.
బయల్దేరిన టైము రాశాను, అది నాకు తెలుసు,
వాచ్‌మన్ దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకున్నాడు.
తక్కిన గడులు వదిలేశాను.

నిన్న మణలి నుంచి కొత్త పార్టీ ఫోను చేసింది.
మొత్తం మీకు బళ్లెన్ని మేడమ్?
పన్నెండేళ్లుగా ఇరవై అనో పంతొమ్మిదనో నిజమే చెప్పి
అయ్యగారితో చీవాట్లు తిన్నదాన్ని.
"నూట ఇరవై మూడు" అన్నాను.

రేటు మాత్రం ఒక్క రూపాయి పెంచలేదు.
పొద్దున ఆరుకల్లా నాలుగు పంపమన్నారు.