ఎర్రట్ట బుక్కు

రిజిస్ట్రార్ ఆఫీసు కాయితం
ఎర్రట్ట బుక్కుల పిన్ను చేసుకొని
పొద్దుగాల్నే సైకిలెక్కిన.
తెలుగు శాఖ, జంతుశాస్త్రం, లైబ్రరీ,
ఎర్రగట్టు దిక్కు హాస్టళ్లు.
చదివినోళ్లు పెట్టిండ్రు సంతకం,
చదవనోళ్లు గూడ పెట్టిండ్రు.
ఇరవై మూడేండ్ల సంది నా పని గదే,
మందికి మాట చేరిందని రుజువు తెచ్చుడు.

పరీక్షల విభాగంల ఓదక్క
బండిలు మీద లక్క పోసుకుంట అడిగింది:
"ఏముందిరా కట్టయ్యా అండ్ల?"
"మోకాళ్లకు ఆసనాలు, బీపీ చూస్తరట.
నాలుగింటికి కంప్యూటరు నేర్పుతరట."
"ఎవలకు?"

ఆగిన. మళ్ల చదివిన.
బోధనేతర సిబ్బంది అందరికీ.
అగో, మనకేనే అక్కా.

హన్మకొండ ఎండ కిటికీల కెల్లి
కీబోర్డు మీద పడ్డది.
లక్కకు కాలి, సుతిలికి అరిగి
హాజరు మిషను గుర్తువట్టని బొటనవేలు నాది,
అంగీకి తుడిసి తుడిసి పెడత రోజూ.
దాని పక్క వేలు ఆనిస్తె
తెర మీద 'క' పుట్టింది.
ట వత్తు కోసం శానసేపు దేవులాడిన,
నా పేరు నడుమనే ఇరుక్కపోయిన.

ఓదక్కకు నూట డెబ్బై.
"గిన్ని మార్కులు నాకెన్నడు రాలే" అని నవ్వింది.
డాక్టరమ్మ నవ్వలే,
చెయ్యి ఇడువలే.

తెల్లారి బుక్కు ఒప్పజెప్పే ముందల
అందరి సంతకాల కింద, మిగిలిన ఏలెడు జాగల
నాది గూడ పెట్టిన.

సూపరింటెండెంటు సారు అద్దాలు సర్దుకొని
"ఇదెవరిది?" అన్నడు.